ఇత్తడి గ్లాసు

"మాత్రలు నోట్లో వేసుకోవడం, ఫోను కట్టేయగానే ఉమ్మేయడం. ఇంకెలా జరుగుతుంది?" అన్నారు మా ఆయన. ఆస్పత్రి కాగితం ఆయన చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. ఎవరూ తీయలేదు.

ఉదయం ఎనిమిదింటికి వేసుకోవలసిన మాత్రలు, పదకొండు దాటినా, స్టీలు పళ్ళెంలో అలాగే ఉన్నాయి. మా మరిది ధైర్యశీల్ ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీద, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఈ రోజు వేసుకోనన్నాడు. రేపు కూడా వేసుకోనన్నాడు.

కాగితంలో ఉన్నది ఒక్క సంగతే. నాలుగో నెల చివర ఇచ్చిన కఫంలో క్రిమి ఇంకా పెరుగుతోంది. ధైర్యాది మామూలు టీబీ కాదు, మామూలు మందులకు లొంగని మొండి రకం. ఈ పెద్ద మందులు మొదలుపెట్టిన రోజే, టీబీ రోగుల్ని చూసుకునే రేష్మా తాయీ, అంటే రేష్మా అక్క, చెప్పింది. నాలుగు నెలలకు క్రిమి చావాలి. ఆరో నెలలో కూడా పెరుగుతూ ఉంటే ఈ మందులు ఓడినట్టే. ఆ తరువాత ఇవ్వడానికి డాక్టర్ల దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. ఇప్పుడు ఆరో నెల నడుస్తోంది.

ఓడడం అనే మాట మా ఇంట్లో ఎవరికీ పలకడం రాదు. పోయిన మామగారు కుస్తీలు పట్టినవారు. ధైర్యా పద్నాలుగేళ్ళుగా కొల్హాపూర్ తాలీమ్‌లో, అంటే కుస్తీ బడిలో, ఎర్రమట్టి ఒంటికి రాసుకున్నవాడు. పోయిన ఏడాది జాతరలో వాణ్ణి చూడడానికే నాలుగూళ్ళ జనం వచ్చారు.

ఇక నేను మంగల్‌ని, ఈ ఇంటి పెద్దకోడల్ని. నా నోటికీ చక్కెర ఫ్యాక్టరీ కూతకీ తేడా లేదని ఊళ్ళో అంటారు. అననివ్వండి. ఫ్యాక్టరీ కూత విని ఊరంతా లేస్తుంది గదా.

"ఆయన మింగారు బావగారూ," అంది వృషాలి. ధైర్యా పెళ్ళాం, నా తోటికోడలు. పెళ్ళయి ఇంకా రెండేళ్ళు నిండలేదు. బావగారి ముందు గొంతెత్తడం ఇదే మొదటిసారి. "రోజూ నేను పక్కనే నిలబడ్డాను. నాలిక కింద కూడా చూపించమనేదాన్ని. ఒక్క మాత్ర వదల్లేదు."

"అయితే ఈ కాగితం అబద్ధం చెబుతోందా?"

"కాగితం సంగతి నాకు తెలీదు. నా కళ్ళ సంగతి తెలుసు."

"నీ కళ్ళు మొగుడి మీద జాలితో మూసుకుపోయుంటాయమ్మా. కాళ్ళు మంటలని వాడు ఏడుస్తుంటే, ఒక్కరోజుకి ఏమవుతుందిలే అని నువ్వే వదిలేసి ఉంటావు."

వృషాలి మొహం పాలిపోయింది. ఆ పిల్ల ఐదు నెలలుగా మూతికి గుడ్డ కట్టుకుని, రాత్రింబగళ్ళు ఆ గది కిటికీలు తెరిచి పెట్టి, మొగుడి పళ్ళేలు విడిగా తోముకుంటూ వచ్చింది. పుట్టింటివాళ్ళు కబురు మీద కబురు పంపినా గడప దాటలేదు. దాన్ని పట్టుకుని ఆ మాట అంటే నాకే ఒళ్ళు మండింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు," అన్నాను. "మీరు వారానికి రెండుసార్లు ఆ గడపలోకి తొంగిచూసే మనిషి. రోజూ నిలబడేదాన్ని పట్టుకుని ఇంత మాటంటారా?"

"నువ్వు మధ్యలో దూరకు."

"నేను ఎప్పుడూ మధ్యలోనే ఉన్నాను. ఈ ఇంట్లో నాకు వేరే చోటెక్కడుంది?"

అప్పుడు ధైర్యా గోడ మీది చూపు తిప్పకుండానే అన్నతో మాట్లాడాడు. "దాదా, నన్ను నల్లోడా అన్నారు తాలీమ్ కుర్రాళ్ళు, దూరం నుంచే. ఈ మందులకి ఒళ్ళు ఇలా మాడిపోయిందని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంటే నిలబడి నడిచాను. ఏం తిన్నా నోట్లో తుప్పు రుచే. ఇన్ని నెలల్లో ఒక్క స్నేహితుడు గుమ్మం తొక్కలేదు. అన్నీ ఓర్చుకున్నాను."

పిడికిలితో మంచం పట్టె గుద్దాడు. "దొంగ అంటే మాత్రం ఓర్చుకోను. కుస్తీలో నేనెప్పుడూ ఎవడి కాలూ దొంగతనంగా లాగలేదు. మింగినా ఇదే, మింగకపోయినా ఇదే అయితే, రోజూ ఈ నరకం నాకెందుకు? తీసి పారేయండి ఆ మాత్రలు."

బయట చెరకు లారీ ఒకటి మూలుగుతూ పోయింది.

పెరటి గుమ్మంలోంచి మా అత్తగారు తానూబాయి వచ్చారు. ఆవిడ ఈ గొడవంతా విన్నారు, కాని విననట్టే ఉన్నారు. చేతిలో పెద్ద ఇత్తడి గ్లాసు, మామగారి కాలం నాటిది, అర్ధశేరు పట్టేది. దానిలో మా గేదె హరణిని అప్పుడే పితికిన పాలు, నురుగుతో సహా, బాదం ముద్ద కలిపి. ఆ బాదం నేనే నూరి పెట్టాను.

"తప్పు మాత్రలది కాదు, వీడిది కాదు," అన్నారు అత్తగారు. "వీడికి బలం చాలడం లేదు. హరణికి పోయిన నెల పచ్చిగడ్డి తగ్గింది, పాలు పలచబడ్డాయి. ఇవాళ్టి నుంచి గ్లాసున్నర. లేవరా నాయనా, పాలతో గుటుక్కున వేసేసుకో."

మా ఊళ్ళో మల్లయోధుణ్ణి కన్న తల్లికి పాలంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పలేను. కాచిన పాలు చంటిపిల్లలకి, చాయ్‌కి. పొదుగు కింద గ్లాసు పెట్టి పట్టిన ధార పాలు మాత్రం తాలీమ్ కుర్రాళ్ళకి. ధైర్యా నాలుగేళ్ళవాడప్పటి నుంచి ఆవిడ ఆ గ్లాసు తన చేత్తోనే ఇచ్చారు, వేరే ఎవరినీ ముట్టనివ్వలేదు. జబ్బు అని తెలిసిన రోజు ఊరంతా ఇంటికి ఆమడ దూరం జరిగితే, ఆవిడ హరణి దగ్గరికి వెళ్ళి, దాని మెడ నిమిరి, "ఇక మనిద్దరిదే పూచీ," అన్నారు. నేను విన్నాను.

ధైర్యా గ్లాసు అందుకోలేదు. అత్తగారు దాన్ని పళ్ళెం పక్కన పెట్టి గడప మీద కూర్చున్నారు.

* * *

పన్నెండున్నరకి రేష్మా ములాణీ స్కూటీ మా వాకిట్లో ఆగింది. మా నాలుగూళ్ళ టీబీ రోగులూ ఆవిడ చేతి కిందే. రోజూ ఎనిమిదింటికి ధైర్యా ఆవిడకి బొమ్మ కనబడేలా వీడియో ఫోను చేసి, ఆవిడ చూస్తుండగా మాత్రలు మింగాలి. ఇవాళ ఫోను రాలేదు. అందుకే మధ్యాహ్నం ఎండలో పడి వచ్చింది.

వచ్చీ రాగానే మూతికి గుడ్డ కట్టుకుని, పళ్ళెం చూసింది, కింద పడున్న కాగితం తీసుకుంది, మా అందరి మొహాలూ చూసింది.

"దెబ్బలాట అయిపోయిందా, ఇంకా ఉందా?" అంది. "ఉంటే కానిచ్చేయండి. నాకు ఇంకా మూడిళ్ళున్నాయి."

"మీరే చెప్పండి తాయీ," అన్నారు మా ఆయన. "సరిగ్గా మింగితే ఇలా వస్తుందా?"

"రావచ్చు. మింగలేదని ఎవరన్నారు?"

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూడలేదు.

"నూట అరవై రోజులు నేను చూశాను సర్జేరావ్ దాదా," అంది రేష్మా తాయీ. "నాకు ఈ పని పన్నెండేళ్ళ నుంచీ. మింగే గొంతు వేరు, దాచే గొంతు వేరు. పైగా మొన్న బరువు తూచితే మూడు కిలోలు పెరిగాడు. దగ్గు సగానికి సగం తగ్గింది. మందు వేసుకోనివాడు పెరగడు. మందు పని చేస్తోంది, కాని దేన్నో గుద్దుకుని ఆగుతోంది. అది ఏమిటో పట్టుకుంటే మనం గెలుస్తాం. నేను అందుకే వచ్చాను, తీర్పు చెప్పడానికి కాదు."

ఆవిడ గొంతులో అనుమానమనేది లేదు. ధైర్యా మొదటిసారి గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

రేష్మా తాయీ గడప దగ్గరే చతికిలబడి ఒకటొకటే అడగడం మొదలుపెట్టింది. ఇంకేమైనా మాత్రలు వాడుతున్నాడా? లేదు. కడుపుమంటకి తెల్ల మందు తాగుతున్నాడా? లేదు. నాటు మందు, బాబా ఇచ్చిన బూడిద? మా అత్తగారు మొహం తిప్పుకున్నారు, కాని లేదు. మాత్రలు ఎండలో పెట్టారా? లేదు. ఖాళీ కడుపుతోనా, తిన్నాకా? జొన్నరొట్టె తిన్నాకే.

"దేనితో మింగుతున్నాడు?"

"గ్లాసుతో," అంది వృషాలి, అదేం ప్రశ్న అన్నట్టు.

"గ్లాసు నాకూ కనబడుతుంది, ఇత్తడిది. లోపల ఏముంటుంది?"

వృషాలి జవాబు చెప్పకముందే ఆవిడ చూపు పళ్ళెం పక్కకి పోయింది. పాల మీద నురుగు చల్లారి, మీగడ అంచు కట్టింది. రేష్మా తాయీ లేచి, గ్లాసు వంచి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"రోజూ ఇదేనా?"

"రోజూ," అన్నారు అత్తగారు, తల ఎత్తి. "ఒక్కరోజు తప్పలేదు. నీళ్ళతో అయితే వాడికి వాంతి వస్తుంది. నా పాలతో అయితే దిగిపోతాయి."

రేష్మా తాయీ వెళ్ళి అత్తగారి పక్కన గడప మీద కూర్చుంది.

"కాకూ," అంది మెల్లగా. "ఈ మాత్రల్లో ఒకటి ఉంది, లడాయిలో ముందు నిలబడేది. పాలతో వేస్తే పాలలో ఉండే సున్నం దాన్ని కడుపులోనే పట్టేసుకుంటుంది. రక్తంలోకి పూర్తిగా పోనివ్వదు. మీవాడు మింగాడు, కాని ఒంటికి సగమే అంది ఉంటుంది. ఇదొక్కటే కారణమని నేను అనను. ఇవాళే డాక్టరుతో మాట్లాడతాను, రక్తం పరీక్ష చేయిస్తారు. కాని ఇది మాత్రం ఇవాళ్టితో ఆగాలి."

తరువాత ఆవిడ నా వైపు తిరిగింది.

"మొదటి రోజే చెప్పాను కదా మంగల్ వహినీ. ఈ వంటింట్లోనే. మాత్రలకి ముందు రెండు గంటలు, వెనక రెండు గంటలు పాలు వద్దని. మీరు తల కూడా ఊపారు."

చెప్పింది. నిజంగానే చెప్పింది. నేను పిండి కలుపుతున్నాను, చేతులు పిండిలో ఉన్నాయి, తల ఊపాను. ఐదు నెలలుగా బాదం నూరుతున్న చేతులు కూడా అవే.

అందరూ నన్నే చూస్తున్నారు. అత్తగారు ఒక్కరే చూడడం లేదు. ఆవిడ తన అరచేతులు చూసుకుంటున్నారు.

"చెప్పావు," అన్నాను. "నేనే ఇంట్లో చెప్పలేదు. మరిచిపోయాను."

"మరిచిపోయావా?" అన్నారు మా ఆయన. "తమ్ముడి ప్రాణం సంగతి మరిచిపోయావా? ఊళ్ళో ఏ ఇంట్లో ఏ కూర వండారో పదేళ్ళ తరువాత కూడా చెప్పే దానివి."

"మరిచిపోయాను," అన్నాను మళ్ళీ. వృషాలి నన్ను చూసిన చూపు ఇంకా నా మీదే ఉన్నట్టుంది. కోపం అయితే భరించేదాన్ని. అది నమ్మలేని చూపు.

నిజం వేరు. ఆ రోజే సాయంత్రం నేను పాక దగ్గరికి వెళ్ళి అత్తగారికి చెప్పాను. పాలు రెండు గంటలు ఆపాలట అని. ఆవిడ పొదుగు మీది చెయ్యి తీయకుండా, "ఎవరు కన్న దానివే నువ్వు, తల్లిని పట్టుకుని కొడుక్కి పాలు ఇవ్వొద్దంటావు?" అన్నారు. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. నేను వండింది ముట్టలేదు. పదో రోజు ఆవిడే, "బాదం నూరావా?" అని అడిగారు. నూరాను. ఇంట్లో శాంతి దొరికింది కదా అనుకున్నాను. ఆ తరువాత ఆ మాట నా నోట్లోంచి రాలేదు, కొన్నాళ్ళకి నా తలలోంచి కూడా పోయింది.

అదంతా ఇప్పుడు అందరి ముందూ చెప్పవచ్చు. చెబితే నా మీది మచ్చ సగం పోతుంది. కాని గడప మీద కూర్చున్న ఆ ముసలి మనిషి ఇంకా తన అరచేతులే చూసుకుంటున్నారు. చెప్పలేదు. ఆవిడ కూడా నోరు విప్పలేదు.

ధైర్యా మంచం దిగాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "నీళ్ళు ఇవ్వు," అన్నాడు వృషాలితో. "ఇవాళ్టివి ఇవాళే. కుస్తీ మధ్యలో గోదా దిగి పోకూడదు."

ముందు రొట్టె తినమంది రేష్మా తాయీ. తిన్నాడు. మూడో మాత్రకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిదో దానికి లేచి కిటికీ ఊచలు పట్టుకున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి, మేమందరం ఊపిరి బిగబట్టాం. రాలేదు. మాత్ర లోపలికే పోయింది. మిగతావి వేసుకోవడానికి ముప్పావుగంట పట్టింది.

మా ఆయన మూతికి గుడ్డ కట్టుకుని గదిలోకి వెళ్ళారు. క్షమించమనడం ఆయనకి పుట్టుకతో రాదు. తమ్ముడి కుడిచెయ్యి పట్టుకుని, గెలిచినవాడి చెయ్యి కుస్తీ తీర్పరి ఎత్తినట్టు పైకెత్తారు. ధైర్యా నవ్వడు అనుకున్నాను. కాస్త నవ్వాడు.

"ఇది నా ఒక్కడి వల్ల కాదు దాదా. చూశావుగా. నీళ్ళతో దిగడం లేదు." తల్లి వైపు తిరిగాడు. "ఆయీ, రేపట్నుంచి నీళ్ళు కూడా నువ్వే ఇవ్వాలి. అదే గ్లాసులో, నీ చేత్తో. నువ్విస్తేనే దిగుతాయి. లేకపోతే నేను వేసుకోను."

అత్తగారు ఆ పాల గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. పాలు మందారం పాదులో పోస్తున్న చప్పుడు వినబడింది.

* * *

మర్నాడు సోమవారం. ఆరున్నరకి నేను లేచి పెరట్లోకి వెళ్తే పాక ఖాళీ.

గుంజకి కట్టు తాడు లేదు. హరణి లేదు. అత్తగారి చెప్పులు లేవు. మా వీధి చివర చాయ్ కాచే మనిషిని అడిగితే, తెల్లవారకముందే గేదెని తోలుకుని ఏటివైపు పోయారన్నాడు. సోమవారం పశువుల సంత. నాకు అర్థమైంది. ఆవిడ నిన్న రేష్మా తాయీ చెప్పిన మాటల్లో ఒక్కటే విన్నారు, తన పాలే కొడుక్కి శత్రువని. మిగతావి వినలేదు.

ఇంట్లోకి పరుగెత్తుకుని వచ్చాను. టైము ఏడయింది. ఎనిమిదింటికి ధైర్యా తల్లి చేతి కోసం చూస్తాడు. తల్లి లేదు. మా మరిది మాట అంటే మాటే, అటు సూర్యుడు ఇటు పొడిచినా మారదు. ఇప్పుడేం చెప్పేది?

అప్పుడు చూశాను. వంటింటి అరుగు మీద ఇత్తడి గ్లాసు, చింతపండుతో తళతళా తోమి ఉంది. నిండా నీళ్ళు. పైన మూత. మూత మీద బెల్లం ముక్క, నోట్లో తుప్పు రుచి పోవడానికి కాబోలు.

ఎనిమిదింటికి ఆ గ్లాసు ధైర్యా ముందు పెట్టాను. వృషాలి ఫోను పట్టుకుంది. ఫోనులోంచి రేష్మా తాయీ, "ముందు గ్లాసు వంచి చూపించండి," అంది. చూపించాం.

"ఆయీ ఏదీ?" అన్నాడు ధైర్యా.

"సంతకి పోయారు. ఇది మాత్రం ఆవిడ పోసి పెట్టిందే. నేను ముట్టుకోలేదు, మోసుకొచ్చానంతే. కావాలంటే బెల్లం చూడు. ఈ ఇంట్లో నేను బెల్లం అంత పెద్ద ముక్క ఎవరికైనా పెట్టానా?"

వాడు బెల్లం ముక్క తీసి పక్కన పెట్టుకున్నాడు. నీళ్ళలోకి చాలాసేపు చూశాడు. తరువాత ఒకటొకటే మింగాడు. రెండుసార్లు ఆగాడు. బెల్లం నాలిక కింద పెట్టుకున్నాడు. ఎనిమిదీ పదిహేనుకి పళ్ళెం ఖాళీ అయింది.

"వహినీ," అన్నాడు. "ఆయీ హరణిని ఎందుకు తీసుకెళ్ళింది?"

జవాబు చెప్పకుండా చెప్పులు తొడుక్కున్నాను. మా ఆయన బండి తీస్తానన్నారు. వద్దన్నాను. ఇది నేను నడవాల్సిన దారి.

* * *

పంచగంగ ఏటి మీది చిన్న ఆనకట్ట దగ్గర దొరికారు. గేదెలు ఆనకట్ట మీద నడవవు, నీళ్ళ మోత వింటే మొండికేస్తాయి. హరణి నాలుగు కాళ్ళూ నిలదొక్కుకుని, పొడుగాటి కొమ్ములు వెనక్కి వాల్చి నిలబడి ఉంది. అత్తగారు తాడు పట్టుకుని దాన్ని బతిమాలుతున్నారు. ఎంతసేపటి నుంచి బతిమాలుతున్నారో, కొంగంతా చెమటతో తడిసిపోయింది.

నన్ను చూసి తాడు వదల్లేదు.

"వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు. మీరు పోసిన నీళ్ళతో."

"వాంతి?"

"రాబోయింది. బెల్లంతో ఆపాడు."

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచారు. "సరే. నువ్వు వెనక్కి పో. నేను దీన్ని వదిలించుకుని వస్తాను. ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు."

"అత్తయ్యా, సగం విని సంతకి బయలుదేరతారా? పాలు విషం కాదు. మాత్రలతో కలిస్తేనే గొడవ. ఎడం ఉంటే చాలు. నిన్న సాయంత్రం డాక్టరు ఫోనులో ఏమన్నాడో తెలుసా? వాడు ఇంకా ఆరు కిలోలు పెరగాలట. మాంసం, గుడ్లు, పప్పు, పాలు, అన్నీ కావాలట. మందు సగం, తిండి సగం అన్నాడు. హరణి పోతే వాడికి ఆ పాలు ఎక్కడ తెస్తారు? ప్యాకెట్టు పాలు పోస్తారా పహిల్వాన్‌కి?"

ప్యాకెట్టు పాలు అనేసరికి ఆవిడ మొహంలో పాత తానూబాయి ఒక్క క్షణం కనబడింది. "ప్యాకెట్టు పాలు నీ పుట్టింటివాళ్ళకి పోసుకో," అన్నారు.

"పోస్తాలెండి. ముందు ఇది ఇంటికి పదమనండి."

"ఎన్నింటికి వేసుకున్నాడు?"

"ఎనిమిదీ పావుకి అయిపోయాయి."

"ఇప్పుడెంత?"

ఫోను చూశాను. "తొమ్మిదిన్నర."

ఆవిడ పెదవులు కదిలాయి. లెక్క కట్టుకుంటున్నారు. "పదీ పావు తరువాత," అన్నారు. "నడిచేసరికి సరిపోతుంది. ఈ లోపల పొదుగు ముట్టను."

తాడు ఇటు తిప్పగానే హరణి ఏ బతిమాలుడూ లేకుండా ఇంటివైపు నడిచింది. చెరకు తోటల మధ్య బండిదారిలో ముగ్గురం నడుస్తున్నాం. నా గుండె తేలికపడింది. ఆరో నెల నిండగానే కఫం డబ్బా తీసుకెళ్ళడానికి రేష్మా తాయీ వస్తుంది. జవాబు రావడానికి ఆరు వారాలు. ఈసారి మందు వాడి ఒంట్లోకి దిగుతోంది. ఈసారి గెలుస్తాడు. నాకు అనుమానం లేదు, అదే మాట పైకి కూడా అన్నాను.

అత్తగారు ఆగిపోయారు.

"నిన్న నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం లాభం?"

"లాభం సంగతి కాదు. ఆ రోజు పాక దగ్గర నువ్వు చెప్పావు. నేను తిట్టాను. నాకు గుర్తుంది. తొమ్మిది రోజులూ గుర్తున్నాయి." ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. "నా సంగతి నీకు తెలీదా మంగల్? పదహారేళ్ళుగా నాతో కాపురం చేస్తున్నావు. నా కొడుక్కన్నా ఎక్కువ నీకే తెలుసు. మొదటిసారి చెబితే తిడతాను. రెండోసారి చెబితే కొట్టడానికి వస్తాను. మూడోసారి చెప్పి ఉంటే వినేదాన్ని."

తాడు మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకున్నారు.

"ఎందుకు చెప్పలేదే?"

ఫ్యాక్టరీ కూత లాంటి నోరు నాది. ఊళ్ళో నాకు ఎదురు మాట్లాడిన మనిషి లేదు. నోరు తెరిచాను. ఇంట్లో గొడవెందుకని, అని చెప్పబోయాను. అది పూర్తి నిజం కాదని నాకు తెలుసు. నన్ను ఎవరు కన్న దానివే అన్న మనిషికి మళ్ళీ వెళ్ళి నేనెందుకు చెప్పాలి అన్న పంతం, అది కూడా కొంత. ఆ కొంత ఎంతో నాకే తెలియదు.

హరణి రెండడుగులు ముందుకి పోయి, తాడు బిగిసి, నిలబడింది. అత్తగారు కదల్లేదు. నా మొహంలోకి చూస్తూ, జవాబు కోసం నిలబడే ఉన్నారు.